టీనేజ్ పిల్లల ఆహార ప్రశ్నావళి: ఎంతవరకు నమ్మొచ్చో ఎలా తేల్చాలి?

బడిగంట:

అందరికీ నమస్కారం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 8, 9, 10 తరగతుల పిల్లలు ఏం తింటున్నారో తెలుసుకోవడానికి 84 పదార్థాలతో ఒక ప్రశ్నావళి సిద్ధం చేశాం. ఒక్కో పదార్థం గత నెలలో ఎన్నిసార్లు తిన్నారు, ఒక్కసారికి ఎంత తిన్నారు అని అడుగుతుంది. అది సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి అదే పిల్లల దగ్గర మూడేసి 24 గంటల రీకాల్స్ (నిన్నంతా ఏం తిన్నారో అడిగి రాసుకోవడం) తీసుకుని పోల్చాలన్నది ప్లాన్. శాంపిల్ 60 మంది.

పైలట్‌లోనే రెండు చిక్కులొచ్చాయి. రీకాల్స్‌తో పోలిస్తే ప్రశ్నావళి చూపే శక్తి (కేలరీలు) దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వస్తోంది. విటమిన్ ఎ విషయంలో రెండింటికీ పొంతనే లేదు, కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతవరకు కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె) సున్నాకు దగ్గర్లో ఉంది. ప్రశ్నావళిని మార్చాలా, రీకాల్‌ని అనుమానించాలా? ఏయే పరీక్షలు చేస్తే "ఇది వాడుకోవచ్చు" అని ధైర్యంగా చెప్పగలం? రెండోసారి ప్రశ్నావళి ఎన్నాళ్లకు ఇవ్వాలి? పని తెలిసినవాళ్లు చెప్పగలరు.

కొలతగిన్నె:

బడిగంట గారూ, గణాంకాల దాకా వెళ్లకముందు లెక్క కట్టే షీటు ఒకసారి విప్పండి. ఇంత తేడా వచ్చినప్పుడు పిల్లల జ్ఞాపకశక్తిని అనుమానించడం తేలికే కానీ, చాలాసార్లు తప్పు మన ఎక్సెల్‌లోనే దొరుకుతుంది.

మొదట చూడాల్సింది పచ్చి బరువు, వండిన బరువు. ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల ఐఎఫ్‌సీటీ 2017 (భారతీయ ఆహారాల పోషక విలువల) పట్టికల్లో 528 ఆహారాలున్నాయి, ఎక్కువ భాగం వండనివే. అందులో బియ్యం 100 గ్రాములకు 356 కిలోకేలరీలు. పిల్లవాడు 200 గ్రాముల అన్నం తిన్నాడని రాసుకుని నేరుగా ఆ లైనుకే కలిపితే 712 పడుతుంది. అంత అన్నానికి పట్టేది 70–80 గ్రాముల బియ్యమే, అంటే 250–285 కిలోకేలరీలు. రీకాల్స్ ఒకరు, ప్రశ్నావళి ఇంకొకరు కోడ్ చేస్తే ఒకరు పచ్చి బరువు, ఒకరు వండిన బరువు వేసేసి ఉంటారు. తెలుగు ఇంట్లో రోజుకు రెండు మూడు పూటలు అన్నమే కాబట్టి మీరు చెప్పిన తేడాకు ఈ ఒక్క పొరపాటు చాలు. ఇంకోటి, ఆ పట్టికల్లో శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది. కిలోకేలరీలకు మార్చడానికి 4.184తో భాగించడం ఏ ఒక్క వరుసలో మరిచిపోయినా మొత్తం చెడుతుంది.

రెండోది వంటకాలు. పప్పు, చారు, వేపుడు, ఉప్మా ఇలా ప్రతిదానికీ రెసిపీ ఫైలు ఉండాలి. ఆ ఊళ్లోనే నాలుగైదు ఇళ్లలో తూకం వేసి తయారు చేసుకోవాలి. ఖాళీ గిన్నె బరువు, పడే ప్రతి పచ్చి సరుకు బరువు, పొయ్యి దించాక గిన్నెతో సహా బరువు. ఉదాహరణకి 100 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల తోటకూర, 10 గ్రాముల నూనె వేసి వండితే దించాక పప్పు 500 గ్రాములు తూగిందనుకోండి. 60 గ్రాములు పట్టే గరిటెతో ఒక్కసారి వడ్డిస్తే కంచంలో పడేది 12 గ్రాముల కందిపప్పు, 18 గ్రాముల తోటకూర, 1.2 గ్రాముల నూనె.

మీ విటమిన్ ఎ చిక్కు కూడా బహుశా ఇక్కడే ఉంది. ప్రశ్నావళిలో "పప్పు" ఒక వరుస, "ఆకుకూరలు" ఇంకో వరుస ఉన్నాయా? తోటకూర పప్పు తిన్న పిల్ల పప్పు దగ్గర టిక్కు పెట్టి ఊరుకుంటుంది. పక్కనున్న పిల్ల రెండు చోట్లా పెడుతుంది. రీకాల్‌లో మాత్రం అది రెసిపీ ప్రకారం ఆకుకూరతో సహా నమోదవుతుంది. ఇక రెండూ ఎలా కలుస్తాయి? ఆకుకూర పప్పు, ముద్దపప్పు, పప్పుచారు లేక సాంబారు, ఆకుకూర వేపుడు అని నాలుగు వరుసలుగా విడదీయండి. గోంగూర పచ్చడి విడిగా ఉండాలి, లేకపోతే కొందరు ఆకుకూరల్లో, కొందరు పచ్చళ్లలో వేస్తారు.

మూడోది కూరగాయల మొత్తం. వంకాయ, బెండకాయ, దొండకాయ, బీరకాయ అని ఒక్కొక్కటే అడిగితే పిల్లలు అన్నిటికీ "వారానికి రెండు మూడుసార్లు" అంటారు. కూడితే రోజుకు ఆరు కూరలు తేలతాయి. అందుకే జాబితా చివర "మామూలుగా రోజుకు మొత్తం ఎన్నిసార్లు కూర వేసుకుంటావు?" అని ఒక ప్రశ్న పెట్టండి. విడివిడి మొత్తం 6.2, ఈ జవాబు 2.5 వచ్చిందంటే ఆ పిల్ల కూరగాయల అంకెలన్నిటినీ 0.4తో గుణించండి. పండ్లకూ ఇదే పద్ధతి.

నూనె ఎంత పడుతుందో పిల్లలకు తెలియదు, అడగొద్దు. ఇంట్లో నెలకు ఎంత కొంటారో అమ్మనడగండి. నలుగురికి 3 లీటర్లంటే తలకు రోజుకు సుమారు 23 గ్రాములు. అయితే నూనె ఇలా లెక్కేస్తే రెసిపీల్లోంచి నూనె తీసేయాలి. రెండు వైపులా ఉంటే అదీ శక్తిని పెంచుతుంది.

బడి భోజనం గురించి ఒక మాట. పీఎం పోషణ్ (బడి మధ్యాహ్న భోజన పథకం) నిబంధన 6–8 తరగతులకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అంటుంది. అది కేటాయింపు మాత్రమే. దాన్నే తెచ్చి పిల్లవాడి ఖాతాలో వేయకండి. వడ్డించే గరిటెను ఒక రోజు తూకం వేసి, ఎన్ని గరిటెలు, ఎంత వదిలేశాడు అని అడగండి.

రాగిసంగటి:

కొలతగిన్నె గారు చెప్పినవన్నీ సరిదిద్దుకున్నా, రీకాల్ తీసుకునే తీరు బాగోలేకపోతే పోల్చడానికి సరైన ప్రమాణమే ఉండదు. అందుకే ఫీల్డ్ సంగతులు కొన్ని.

ఏ వారం తిండి నమోదవుతోందో చూసుకున్నారా? రీకాల్ ఎప్పుడూ నిన్నటి గురించే. బడి రోజుల్లో మాత్రమే వెళ్తే సోమవారం అడిగినప్పుడు ఆదివారం వస్తుంది, మంగళవారం నుంచి శనివారం దాకా అడిగితే సోమ నుంచి శుక్రవారం వస్తాయి. శనివారం తిండి మాత్రం ఎప్పటికీ రాదు, ఎందుకంటే ఆదివారం బడి లేదు. దాన్ని ఫోన్లో అడగాల్సిందే. ఆదివారం కోడికూరో మాంసమో వండే ఇళ్లు ఎక్కువ కాబట్టి ముగ్గురిలో ఒకరికే ఆదివారం పడితే ప్రొటీన్, ఐరన్ లెక్కలు వంకరపోతాయి. ఒక్కో పిల్లకు రెండు బడి రోజులు, ఒక సెలవు రోజు, అవీ వరస రోజులు కాకుండా పెట్టండి. మొన్న మిగిలిన పులుసే నిన్న కూడా తింటారు, అందుకే పక్కపక్క రోజులు రెండు వేరు సమాచారాలు అనిపించుకోవు. ఏ రోజు అడుగుతారో ముందే చెప్పకండి. చెబితే ఆ ముందు రోజు మిర్చి బజ్జీ మానేసి అరటిపండు తింటారు.

రీకాల్‌ను ఐదు విడతలుగా నడపండి. ముందు అడ్డుతగలకుండా చెప్పనివ్వడం, తర్వాత మరిచిపోయేవాటి జాబితా, తర్వాత ఏ వేళకు, ఎక్కడ, తర్వాత ఒక్కోదాని వివరం, పరిమాణం, చివరగా మొత్తం ఒకసారి చదివి వినిపించడం. టీనేజ్ పిల్లల దగ్గర రెండో విడతే ప్రాణం. వాళ్లు భోజనం మరిచిపోరు, మధ్యలో తిన్నవి మరిచిపోతారు. బడి గేటు దగ్గర ఏం కొన్నావు, జేబులో డబ్బులు ఎంత, దేనికి అయిపోయాయి, ఎవరి డబ్బాలోంచి తిన్నావు, నీ డబ్బాలోంచి ఎవరు తిన్నారు, ట్యూషన్‌కి వెళ్లేటప్పుడు ఏం తిన్నావు అని పేరుపేరునా అడగాలి. పుల్లఐసు, చిప్స్ ప్యాకెట్, పానీపూరి, కూల్‌డ్రింక్, టీలో చక్కెర ఇవన్నీ అడిగితేనే బయటికొస్తాయి. ప్యాకెట్ అయితే ఎన్ని రూపాయలదో రాసుకోండి, ఆ ధరను బట్టి గ్రాములు తెలుస్తాయి.

పూట మానేయడం గురించి సూటిగా అడగొద్దు. "పొద్దున్నే టిఫిన్ మానేశావా?" అంటే లేదంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు. "నిన్న లేచాక మొట్టమొదట నోట్లో పెట్టుకున్నది ఏంటి, అప్పుడు టైమెంత?" అంటే నిజం వస్తుంది.

ప్రశ్నావళిని తరగతిలో ఇచ్చేటప్పుడు టీచరు గదిలో ఉండకూడదు. బెంచీకి ఇద్దరికి మించి కూర్చోబెట్టొద్దు, పక్కవాళ్ల కాగితం చూసి రాయడం పరీక్షల్లో ఎంతో ఇక్కడా అంతే. 84 వరుసలు ఒకేసారి ఇస్తే 50 దాటాక ఒకే గడిలో బారుగా టిక్కులు పెట్టేస్తారు. సగంలో పది నిమిషాలు ఆపండి. కాగితం తీసుకునేటప్పుడే ఖాళీ వరుసలు చూసి అడగండి. ఖాళీని తర్వాత "తినలేదు" అని సున్నా వేయడం పెద్ద తప్పు, అది తెలియనిది మాత్రమే. పదో వంతుకు మించి ఖాళీలున్న కాగితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

"గత నెల" అని వదిలేస్తే కొందరు క్యాలెండర్ నెల అనుకుంటారు. "వినాయక చవితి అయినప్పటి నుంచి నేటిదాకా" అన్నట్టు పిల్లలందరికీ గుర్తుండే రోజుకు కట్టండి. సంక్రాంతి, దసరా సెలవులు, రంజాన్ నెల, కార్తీక మాసం, మామిడిపళ్ల కాలం ఇవి మీ నెలలో పడితే రీకాల్స్ కూడా ఆ రోజుల్లోనే పడాలి. ప్రశ్నావళి అరిసెల నెల గురించి, రీకాల్స్ పరీక్షల నెల గురించి చెబితే రెండూ నిజమే అయినా కలవవు.

వరస ఇలా పెట్టుకోండి: మొదటి ప్రశ్నావళి, తర్వాత నాలుగు వారాల్లో విడివిడిగా మూడు రీకాల్స్, ఆఖర్న రెండో ప్రశ్నావళి. మొదటిదీ రెండోదీ పోలిస్తే జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. రీకాల్స్‌తో పోల్చాల్సింది రెండోదాన్ని, ఎందుకంటే రీకాల్స్ జరిగిన నెల గురించి చెప్పేది అదే. మూడుసార్లు రీకాల్ చెప్పిన పిల్లలు తాము తినేదాన్ని గమనించడం నేర్చుకుంటారు కాబట్టి రెండోది కాస్త బాగా కనిపిస్తుంది. రెండింటి ఫలితాలూ పేపర్లో ఇవ్వండి. రెండు వారాలకే మళ్లీ ఇస్తే పాత జవాబు గుర్తుపెట్టుకుని రాస్తారు, మూడు నెలలు దాటితే తిండే మారిపోతుంది.

సగటు_విచలనం:

60 మంది చాలరు. కోరిలేషన్ 0.40 వచ్చిందనుకోండి, 60 మందితో దాని 95 శాతం అవధి (అసలు విలువ ఉండగల మేర) 0.16 నుంచి 0.59 దాకా పోతుంది. అంటే పనికిరాదు అన్నా, బాగుంది అన్నా చెల్లుతుంది. 120 మందితో 0.24 నుంచి 0.54. పైగా అబ్బాయిలనీ అమ్మాయిలనీ విడిగా చూపించాలి, ఈ వయసులో తిండీ, తప్పుచెప్పే తీరూ రెండూ వేరు. ఒక్కో వైపు 100 పెట్టుకోగలిగితే మేలు.

పరీక్షల్లో ఏ ఒక్కటీ సరిపోదు, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

కోరిలేషన్ చెప్పేది ఎక్కువ తినేవాళ్లు ఎవరు, తక్కువ తినేవాళ్లు ఎవరు అన్న వరుస సరిగ్గా ఉందా అని మాత్రమే. ప్రశ్నావళి అందరికీ రెండింతలు చూపించినా కోరిలేషన్ 1 రావచ్చు. మీ ఒకటిన్నర రెట్ల తేడా ఇందులో కనిపించదు. లెక్కించే ముందు పోషకాలను లాగ్‌లోకి (లాగరిథమ్‌లోకి) మార్చండి, మొత్తం శక్తికి సర్దుబాటు చేయండి. పోషకాన్ని శక్తిపై రిగ్రెషన్ చేసి రెసిడ్యువల్ (శక్తిని బట్టి ఊహించినదానికీ అసలుకీ ఉన్న తేడా) తీసుకోవడం అందరూ వాడే పద్ధతి.

ఆ తర్వాత రోజురోజు మారే తిండి వల్ల పడిపోయిన కోరిలేషన్‌ను సవరించాలి. ఒకే మనిషిలో రోజుల మధ్య వ్యత్యాసాన్ని, మనుషుల మధ్య వ్యత్యాసంతో భాగించండి. దాన్ని రీకాల్స్ సంఖ్యతో భాగించి 1 కలిపి వర్గమూలం తీయండి. వచ్చిన అంకెతో కోరిలేషన్‌ను గుణించండి. ఆ నిష్పత్తి 2, రీకాల్స్ 3 అయితే గుణకం 1.29, అంటే 0.42 కాస్తా 0.54 అవుతుంది. విటమిన్ ఎ లాంటి వాటికి నిష్పత్తి చాలా పెద్దది, ఒక రోజు గోంగూర, నాలుగు రోజులు ఏమీ లేదు. నిష్పత్తి 6 అయితే గుణకం 1.73. ఇలా సవరించాక కూడా విటమిన్ ఎ సున్నా దగ్గరే ఉంటే అప్పుడు ప్రశ్నావళి తప్పు. మూడు రోజుల రీకాల్‌తో విటమిన్ ఎ ని తేల్చడం కష్టమని ముందే ఒప్పుకుని రాయండి.

తర్వాత బ్లాండ్-ఆల్ట్‌మన్ ప్లాట్. అడ్డంగా రెండింటి సగటు, నిలువుగా తేడా. మూడు విషయాలు చూడాలి: సగటు తేడా ఎంత, 95 శాతం హద్దులు (దాదాపు 95 శాతం పిల్లల తేడాలు పడే మేర) ఎంత వెడల్పు, ఎక్కువ తినేవాళ్ల వైపు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతోందా. మూడోది జరుగుతుంటే లాగ్‌లో గీసి నిష్పత్తిగా చెప్పండి. 100 మందితో కూడా ఆ హద్దులు అటూ ఇటూ తేడాల ప్రామాణిక విచలనంలో మూడో వంతు కదులుతాయి, కాబట్టి హద్దులకు కూడా అవధి రాయండి.

పిల్లలను తక్కువ, మధ్యస్థం, ఎక్కువ తినేవాళ్లని మూడు భాగాలుగా విడగొట్టి పోల్చేటప్పుడు యాదృచ్ఛికంగా ఎంత వస్తుందో మరిచిపోవద్దు. కళ్లు మూసుకుని రాసినా 33 శాతం పిల్లలు ఒకే భాగంలో పడతారు, 22 శాతం పూర్తిగా ఎదురు భాగంలో పడతారు. అందుకే ఒకే భాగంలో 50 శాతానికి పైన, ఎదురు భాగంలో 10 శాతం లోపు ఉంటేనే బాగుందంటాం. వెయిటెడ్ కప్పా (యాదృచ్ఛికంగా కలిసేది తీసేసి, రెండూ ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) 0.20 లోపు అయితే ఆ పోషకాన్ని వదిలేయండి.

పోల్చుకోడానికి ఒక అంకె: అమెరికాలో 9–18 ఏళ్ల వాళ్ల కోసం చేసిన ప్రశ్నావళిని 1997లో మూడు 24 గంటల రీకాల్స్‌తో సరిచూస్తే, సవరించిన కోరిలేషన్ల సగటు 0.54. ఈ వయసులో 0.8 ఆశించడం అత్యాశ. 0.5 దాటితే సంతోషించవచ్చు, 0.2 లోపు వాటిని వాడొద్దు.

బడిగంట:

షీటు చూశాను. కొలతగిన్నె గారు అన్నదే, ప్రశ్నావళి వైపు అన్నం పచ్చి బియ్యం లైనుకే పోయింది. అది సరిచేస్తున్నాం. శాంపిల్ 200కి పెంచుతాం.

ఇంకో అనుమానం. రీకాల్, ప్రశ్నావళి రెండూ అదే పిల్ల నోటి నుంచే వస్తున్నాయి కదా. పిల్ల రెండు చోట్లా చిప్స్ దాచేస్తే రెండూ కలుస్తాయి, కానీ రెండూ తప్పే. దీనికి ఏం చేయాలి?

రాగిసంగటి:

అసలు ప్రశ్న ఇదే. తప్పులు ఒకదానితో ఒకటి ముడిపడితే కోరిలేషన్ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఖర్చు లేని మొదటి తనిఖీ గోల్డ్‌బర్గ్ హద్దు. పిల్ల చెప్పిన శక్తిని ఆమె బేసల్ మెటబాలిజంతో (విశ్రాంతిలో ఒళ్లు ఖర్చుచేసే శక్తితో) భాగించడం.

10–18 ఏళ్ల ఆడపిల్లలకు స్కోఫీల్డ్ సూత్రం: బరువు కిలోల్లో × 13.384 + 692.6. అబ్బాయిలకు × 17.686 + 658.2. 40 కిలోల అమ్మాయికి రోజుకు 1228 కిలోకేలరీలు. మూడు రీకాల్స్ సగటు 1100 వస్తే నిష్పత్తి 0.90. శారీరక శ్రమ స్థాయి (మొత్తం ఖర్చయ్యే శక్తి బేసల్‌కు ఎన్ని రెట్లో) 1.55 అనుకుని మూడు రోజుల రీకాల్‌కు వ్యక్తి స్థాయి కింది హద్దు కడితే 1.00 వస్తుంది. 0.90 దానికంటే తక్కువ, అంటే ఆ మూడు రోజులూ తక్కువ చెప్పింది, లేదా తక్కువే తింది. అందుకే ఆ వారం జ్వరమా, ఉపవాసమా, బరువు తగ్గాలని తిండి మానిందా అని ఫారంలోనే ఒక గడి పెట్టండి. 100 మంది సగటుకు అదే హద్దు 1.48. ఒకరికి వాడాల్సిన హద్దును గుంపుకు వాడితే తక్కువ చెప్పడం అసలు లేనట్టు కనిపిస్తుంది, ఈ పొరపాటు తరచూ కనబడుతుంది. నడిచి బడికి వచ్చి, సాయంత్రం కబడ్డీ ఆడే పిల్లలకు 1.55 తక్కువే, శ్రమ విడిగా అడిగి హద్దు మార్చండి.

కొలతగిన్నె:

ఒక్క అభ్యంతరం. హద్దు కింద పడ్డవాళ్లను తీసేసి మిగతావాళ్లతోనే ఫలితం చూపిస్తారు చాలామంది. అది సరికాదు. తక్కువ చెప్పేది ఎక్కువగా బరువెక్కువ ఉన్న పిల్లలు. వాళ్లను తీసేస్తే ప్రశ్నావళి ఎవరి దగ్గర విఫలమవుతోందో ఆ సంగతే దాచినట్టు. అందరితో ఒకసారి, వాళ్లు లేకుండా ఒకసారి, రెండు పట్టికలూ ఇవ్వాలి. స్కోఫీల్డ్ మన దేశపు పిల్లలకు కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది కాబట్టి ఏ సూత్రం వాడారో తప్పక రాయండి.

సగటు_విచలనం:

నోటిమాటతో పని లేని కొలత కావాలంటే బయోమార్కర్ (రక్తం, మూత్రం లాంటి నమూనాల్లో కొలిచేది). శక్తికి అసలైన ప్రమాణం డబ్లీ లేబుల్డ్ వాటర్. డ్యూటీరియం, ఆక్సిజన్-18 (బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ రకాలు) ఉన్న నీళ్లు తాగించి రెండు వారాల పాటు మూత్రంలో అవి తగ్గే వేగం చూస్తారు. విద్యార్థి బడ్జెట్‌కు అది అందదు. ప్రొటీన్‌కు 24 గంటల మూత్రంలో నైట్రోజన్ అందుబాటులో ఉంటుంది. తిన్న నైట్రోజన్‌లో దాదాపు 81 శాతం మూత్రంలో పోతుంది కాబట్టి, కొలిచిన నైట్రోజన్‌ను 0.81తో భాగించి 6.25తో గుణిస్తే ప్రొటీన్ గ్రాములు. రోజుకు 8 గ్రాముల నైట్రోజన్ పోతే సుమారు 62 గ్రాముల ప్రొటీన్. ఎదిగే వయసు కాబట్టి కొంత నైట్రోజన్ ఒంట్లో నిలుస్తుంది, కానీ అది చిన్న మొత్తమే.

200 మందికీ అక్కర్లేదు, 50 మంది ఉపజట్టు చాలు. బడి రోజున ఎవరూ మూత్రం పట్టే డబ్బా మోసుకురారు, కాబట్టి ఆదివారం చేయండి. పొద్దున్న లేచాక మొదటిది పారబోయించాలి, మర్నాడు పొద్దున్న మొదటిది పట్టించాలి. ఈ రెండూ తారుమారు చేయడం వల్లే ఎక్కువ నమూనాలు పాడవుతాయి. నెలసరి రోజుల్లో ఉన్న ఆడపిల్లలకు తేదీ మార్చండి.

అప్పుడు మూడు కొలతలుంటాయి: ప్రశ్నావళి, రీకాల్, మూత్రం. ప్రశ్నావళికీ రీకాల్‌కీ కోరిలేషన్ 0.50, ప్రశ్నావళికీ మూత్రానికీ 0.28, రీకాల్‌కీ మూత్రానికీ 0.35 అనుకుందాం. మొదటి రెంటినీ గుణించి మూడోదానితో భాగించి వర్గమూలం తీస్తే 0.63. అసలు తినేదానికీ ప్రశ్నావళికీ ఉన్న బంధం ఎంతో చెప్పే అంచనా ఇది. రీకాల్‌తో ముడిపడ్డ తప్పులు ఇందులో మిగిలే ఉంటాయి కాబట్టి 0.63ని పై హద్దుగా, ప్రశ్నావళి–మూత్రం 0.28ని కింది హద్దుగా రాస్తారు. శాంపిల్ చిన్నదైతే ఇది 1 దాటిపోవచ్చు, అప్పుడు బూట్‌స్ట్రాప్ అవధి (ఉన్న శాంపిల్‌లోంచే మళ్లీ మళ్లీ ఎంచి కట్టేది) చూపించండి.

రాగిసంగటి:

మూత్రం సేకరణ కలిపితే ఎథిక్స్ కమిటీ నుంచి సవరణ అనుమతి ముందే తీసుకోవాలి, పాత అనుమతి సరిపోదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు 12 దాటిన పిల్లల దగ్గర రాతపూర్వక అంగీకారం విడిగా ఉండాలి. ఆ ఫారంలో 24 గంటల మూత్రం గురించి, డబ్బా ఎక్కడ పెట్టాలో, ఎవరు వచ్చి తీసుకెళ్తారో పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాయండి. ఇంట్లో డబ్బా ఎవరికీ కనబడకుండా ఉండాలంటే నల్ల సంచి ఇవ్వండి. అది లేకపోతే ఆడపిల్లల్లో చాలామంది మధ్యాహ్నానికే ఆపేస్తారు.